ఉక్కునగరంలో రెపెనోమామస్

ఆ శుక్రవారం ఉదయం పదిన్నరకు, విశాఖ స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల కాలనీ ఉక్కునగరంలో ఒక కల్వర్టు ముందు మోకాళ్ల మీద వంగి నేను తూములోకి తొంగి చూస్తున్నాను. నా చుట్టూ ముప్పై నలభై మంది ఉన్నారు. కర్రలున్నవాళ్లు కర్రలతో వచ్చారు, లేనివాళ్లు చీపుళ్లతో వచ్చారు. ఒకాయన హెల్మెట్ పెట్టుకుని, కొలిమి దగ్గర వేసుకునే దళసరి తోలు తొడుగులు కూడా చేతులకు తొడుక్కుని వచ్చాడు. నలుగురిలో ఒకరి చేతిలో ఆ రోజు మా పత్రిక ఉంది, జిల్లా పేజీ పైకి వచ్చేలా మడిచి.

తూములో ఏదో కదిలింది.

"ఉన్నాది బావా, ఉన్నాది! పేపర్లో ఎలాగున్నాదో అలగే ఉన్నాది" అన్నాడు నా వెనక నిలబడ్డ మనిషి.

"ఆ సీకట్లో నీకేటి కనిపించీసింది?"

"సారలు కనిపించీసినాయి!"

నాకూ నాతో వచ్చిన ఇద్దరికీ తప్ప అక్కడ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పేపర్లో ఉన్న జంతువు పన్నెండున్నర కోట్ల ఏళ్ల కిందట, చైనాలో చచ్చిపోయింది. దాన్ని ఉక్కునగరం దాకా తీసుకొచ్చినవాణ్ని నేను. మధ్యాహ్నం నాలుగు లోపల ఆ తూములో ఉన్నదాని ఫొటో దొరకాలి. లేదంటే మా డెస్క్‌లో వార్తలూ ఫొటోలూ అమర్చి పేజీలు పెట్టే అమ్మాయి ఉద్యోగం పోతుంది. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది.

మొదటినుంచి చెబుతాను. ఇప్పుడు పత్రికల్లోకి వస్తున్న పిల్లలు మా కాలం వాళ్లని చూసి, వీళ్లు తప్పులే చెయ్యలేదు కాబోలు అనుకుంటారు. అలా అనుకునేలా మేమే కబుర్లు చెబుతాం. ఆ కబుర్ల వల్లే ఈ సంగతి జరిగింది.

నేను విశాఖలో ముప్పై రెండేళ్లు ఒకే పత్రికలో, ఒకే డెస్క్‌లో పనిచేశాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, శీర్షికలు పెట్టడం, పేజీకి ఒక రూపం తేవడం మా పని. మా ఆఫీసులో ఎక్కడా రాసిపెట్టని ఆచారాలు చాలా ఉండేవి. అందులో రెండు మీకు తెలియాలి.

మొదటిది, మేం సవరణ వేసేవాళ్లం కాదు. తప్పు వేస్తే, మర్నాడు ఇంకో వార్త వేసి దాన్ని కప్పేసేవాళ్లం. ఒకసారి పాతనగరంలో ఒక పెద్దమనిషి చనిపోయారని వేశాం. ఆయన ఉదయాన్నే కాఫీ తాగుతూ ఆ వార్త చదువుకున్నారట. మేం సవరణ వెయ్యలేదు. మర్నాడు ఆయన చేత ఒక బడిలో మొక్క నాటించి మూడు కాలమ్‌ల వెడల్పున ఫొటో వేశాం. ఆయన సంతోషించారు. ఆయన బంధువులు కూడా, కొంచెం ఆలస్యంగా, సంతోషించారు.

రెండోది జాగా బొమ్మ. పేజీలో ఒక ఫొటో రావాలి, ఇంకా రాలేదు. ఆ జాగా ఖాళీగా ఉంటే చుట్టూ అక్షరాలు ఎంత పడతాయో లెక్క తెలియదు. అందుకని అదే కొలతలో ఏదో ఒక బొమ్మ పెట్టి ఉంచుతాం, బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు. అసలు ఫొటో రాగానే తువ్వాలు తీసేస్తాం. మా డెస్క్‌లో అందరూ రోజూ చేసే పనే. తువ్వాలే ప్రయాణం చేసేసిన రోజు మాత్రం అదొక్కటే.

ఇక జంతువు సంగతి. ఆదివారం పిల్లల పేజీ నాదే. వార్తలు దిద్ది దిద్ది బుర్ర మొద్దుబారినప్పుడు ఆ పేజీ నాకు ఊపిరి పోసేది. ఆ వారం రెపెనోమామస్ గురించి రాశాను. డైనోసార్ల కాలంలో పాలిచ్చే జంతువులంటే ఎలకల్లా బొరియల్లో బిక్కుబిక్కుమంటూ బతికేవని మా చిన్నప్పుడు చదువుకున్నాం. ఇది అలాంటిది కాదు. పొట్టి కాళ్లు, బలమైన దవడ, గునపాల్లాంటి పళ్లు. పెద్దది ఊరకుక్కంత ఉండేదట. చైనాలో రాతి పొరల్లో దొరికిన ఒకదాని కడుపులో డైనోసారు పిల్ల ఎముకలు కనిపించాయి. నమలకుండా ముక్కలు ముక్కలుగా మింగేసిందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఇంకొకటి తనకంటే పెద్ద డైనోసారు మీదెక్కి, దాని పక్కటెముకల్లో పళ్లు దించి, అలాగే రాయైపోయింది. అందరినీ భయపెట్టినవాళ్ల పిల్లల్ని తిని బతికిన ఆ పొట్టిదాని మీద నాకు ప్రేమ పుట్టింది.

దానికి బొమ్మ వేసింది మా ఆర్టిస్టు. పూర్ణా మార్కెట్ వెనక వీధిలో తాతల నాటి నుంచీ దుకాణాలకు బోర్డులు రాసిన కుటుంబం ఆయనది. చేతిలో కుంచె ఉంటే ఎవరి మాటా వినడు. మంగళవారం బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పళ్లు మా వీధి కుక్కవి. కూర్చున్న తీరు జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల బుట్టల పక్కన మాటువేసే పిల్లిది. ఒంటి నిండా మాత్రం దళసరి నల్ల చారలు.

"ఈ చారలు ఎక్కడివయ్యా? దాని రంగు ఎవరికీ తెలియదని రాశాను కదా" అన్నాను.

"ఎవులికీ తెల్దు గాబట్టే కదన్నా నాను యేసుకోవచ్చు" అన్నాడు. "మీరు ఎదురుగా కూకున్నారు. మీ సొక్కా బాగున్నాది. యేసీసినాను."

చూసుకున్నాను. బూడిద రంగు మీద నల్ల చారల చొక్కా. గాజువాకలో కొన్నది.

గురువారం సాయంత్రం జిల్లా పేజీ నా చేతిలో ఉంది. ఉక్కునగరంలో ఒక సెక్టారులో వారం రోజులుగా కోళ్లు మాయమవుతున్నాయని అక్కడి విలేకరి వార్త పంపాడు. క్వార్టర్ల పెరళ్లలో కోళ్లను పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఇంటి సీసీ కెమెరాలో జంతువు పడిందని, ఆ ఫొటో ఆరింటికల్లా పంపుతానని ఫోన్లో చెప్పాడు. నేను ముందుగానే ఫొటో కింద వ్యాఖ్య రాసి ఉంచాను: 'సీసీ కెమెరాకు చిక్కిన జంతువు'. పేజీ పెట్టే అమ్మాయితో, అంతవరకు జాగా బొమ్మ పెట్టమన్నాను.

"ఏది పెట్టమంటారు సార్?"

"అదే కొలతలో నా పిల్లల పేజీ బొమ్మ ఉంది చూడు, అది పెట్టు."

ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. తండ్రి స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడిన కుటుంబం. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించేది. ఆ పొడిగింపు కాగితం ఆ నెలలోనే రావాల్సి ఉంది.

ఆరింటికి విలేకరి ఫోన్ చేశాడు. "సార్, కెమెరాలో పడింది జంతువు కాదండి, పక్కింటోళ్ల స్కూటీ. ఫొటో లేదు, ఆ జాగా తీసేయండి."

"సరే" అన్నాను. అని ఫోన్ పెట్టేసి, ఆపిన చోటి నుంచి మళ్లీ కబుర్లు మొదలుపెట్టాను. కొత్తగా చేరిన ఇద్దరు సబ్ ఎడిటర్లకు, ముప్పై రెండేళ్లలో నేను ఒక్క మెమో కూడా తీసుకోకుండా ఎలా నెట్టుకొచ్చానో చెబుతున్నాను. రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగు నెలలుంది. మంచి ఊపులో ఉన్నాను. ప్రూఫ్‌లో ప్రతి అక్షరం చూడనిదే సంతకం పెట్టకూడదు అనే చోటికి వచ్చేసరికి ఆ అమ్మాయి జిల్లా పేజీ ప్రూఫ్ తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, ఈ బొమ్మ ఉంచాలా, తీసెయ్యాలా? ఫొటో రాలేదు కదా."

నేను కథ ఆపలేదు. చేత్తో కాగితం దగ్గరకు లాక్కుని అడుగున రెండు అక్షరాల పొట్టి సంతకం గీకాను. "సంతకం పెట్టానుగా తల్లీ, పంపించెయ్" అన్నాను.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పంపించేసింది.

ఆ రోజు జిల్లా పేజీకి రంగు లేదు. ఆర్టిస్టు పచ్చని ఆకులు, ఎర్రని నాలుకతో వేసిన బొమ్మ నలుపు తెలుపుల్లోకి వచ్చి, న్యూస్‌ప్రింట్ మీద సిరా పీల్చుకుని, అచ్చం చవకరకం కెమెరా తీసిన ఫొటోలా తయారైంది. కింద నా వ్యాఖ్య. పైన నేనే పెట్టిన శీర్షిక, 'కోళ్లపై పంజా'.

మర్నాడు ఎనిమిదింటికే ఎడిషన్ ఇన్‌ఛార్జి నుంచి కబురొచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను 'గురువుగారూ' అని పిలుస్తాడు. కోపం వస్తే ఇంకా గౌరవంగా పిలుస్తాడు.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి అప్పటికే గదిలో తల వంచుకుని నిలబడి ఉంది. బల్ల మీద పత్రిక. రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి.

"గురువుగారూ, దయచేయండి. ఉక్కునగరంలో వాట్సాప్ గ్రూపులన్నిట్లో మన జంతువే. పిల్లల్ని బడికి పంపడం లేదట. ఫారెస్టు ఆఫీసువాళ్లు ఫోన్ చేసి, ఇది ఏ జాతి సార్ అని నన్నడుగుతున్నారు. ఎల్లుండి రాబోయే పిల్లల పేజీ తీసి చూసుకున్నాను. ఏ జాతో నాకు తెలిసింది, వాళ్లకి చెప్పడానికి నోరు రావడం లేదు."

తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఈ బొమ్మ ఎవరు పెట్టారమ్మా?"

"నేనే పెట్టాను సార్."

"ఎవరు పెట్టమన్నారు?"

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నోరు విప్పేవాణ్ని. "నేనే పెట్టాను సార్" అంది మళ్లీ.

నేను కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న కంటెయినర్ లారీని చూశాను. దాని మీద ఏం రాసి ఉందో ఇప్పటికీ గుర్తుంది. అంత శ్రద్ధగా చూశాను. ముప్పై రెండేళ్లు మచ్చలేని ఫైలు. నాలుగు నెలల్లో వీడ్కోలు సభ. సమయం చూసి ఇన్‌ఛార్జికి విడిగా చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకునేవాడు చెప్పడని అంత అనుభవమున్న నాకు తెలియకపోలేదు.

ఇన్‌ఛార్జి తేల్చేశాడు. "నాలుగింటి దాకా టైము. కోళ్లను తింటున్న అసలు జంతువు ఫొటో తెండి. పిల్లో, నక్కో, ఏదైనా సరే. రేపు దాన్ని వేసి, జంతువు ఇదేనని తేలిందని రాసేద్దాం. ఎప్పటిలాగే గొడవ సర్దుకుంటుంది. ఫొటో లేకపోతే సవరణ వెయ్యాలి. సవరణ వేస్తే, ఎవరి వల్ల అని హెడ్డాఫీసు అడుగుతుంది. ఈ అమ్మాయి పేరు రాస్తాను. ఆ తర్వాత కాంట్రాక్టు సంగతి నా చేతుల్లో ఉండదు."

ఫొటోగ్రాఫర్ పోర్టులో ఎవరో మంత్రి పర్యటనకు వెళ్లాడు. ఆర్టిస్టు తన ఫోన్ కెమెరా మంచిదని బయలుదేరాడు. నిజానికి తన బొమ్మకు దక్కిన పేరు కళ్లారా చూసుకోవాలని ఆయన తాపత్రయం. ఆయన బండి వెనక నేను, ముందు తన స్కూటీ మీద ఆ అమ్మాయి. గాజువాక సిగ్నల్ దగ్గర ఆర్టిస్టు వెనక్కి తిరిగి అన్నాడు.

"అన్నా, ఆ పిల్ల నిన్న మిమ్మల్ని అడిగింది కదా, బొమ్మ తీసెయ్యాలా అని? నాను అక్కడే ఉన్నాను."

"సిగ్నల్ పడింది, పోనీ" అన్నాను.

సెక్టారులోకి అడుగుపెట్టగానే కోళ్లు పోగొట్టుకున్న ఆవిడ మమ్మల్ని పట్టుకుంది. భర్త ప్లాంటులో రిటైరయ్యాడు. ఆవిడ పెరట్లో ఎనిమిది పెట్టలుండేవి, మూడు మిగిలాయి. చేతిలో అట్లకాడ ఉంది. ఉప్మా మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"పేపరోలా? రండి బాబూ. మీరు యెయ్యబట్టి గానీ, నాను సెప్తే ఒక్కలూ నమ్మలేదు. ఊరకుక్క తినీసిందే అన్నాడు మా ఆయన. ఇప్పుడేటంటాడు?"

"మీరు దాన్ని చూశారా అమ్మా?"

"సూడకేటి? ఈ కళ్లతోటి సూసినాను. ఇంత పొడుగు. పొట్టి కాళ్లు. ఒంటి నిండా సారలు." ఆవిడ చుట్టూ చూసి, అట్లకాడ నా పొట్టకు గురిపెట్టింది. "అదుగో, ఆ బాబు సొక్కా మీదున్నట్టే!"

అప్పుడు చూసుకున్నాను. ఉతికి వచ్చిన చొక్కాల్లో పైనున్నదాన్ని తీసి తొడుక్కుని వచ్చాను. అదే చొక్కా. ఆర్టిస్టు గడ్డం రుద్దుకుంటూ ఆకాశంలోకి చూశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

నా ఉద్యోగమంతా సాక్షులు చెప్పినవి రాయడమే. పొరుగింటి గొడవల నుంచి తుపానుల దాకా, చూశామని చెప్పినవాళ్ల మాటే మాకు ఆధారం. ఆ పది నిమిషాల్లో ఆరుగురు నా చొక్కాను తూములోనూ, చెట్టు మీదా, స్కూలు గోడ మీదా చూశామని ఒట్టేసి చెప్పారు. ఒక్కరూ అబద్ధం ఆడటం లేదు. పొద్దున్న మా పేపర్ చూశాక వాళ్లకి రాత్రి చూసింది జ్ఞాపకం వచ్చింది, అంతే.

ఇంతలో కేక. కల్వర్టులోకి ఏదో దూరిందట. అందరం పరిగెత్తాం. అలా నేను మోకాళ్ల మీదకు వచ్చాను.

కల్వర్టు దగ్గర హెల్మెట్టూ తోలు తొడుగులూ ఉన్న మనిషి నా పక్కకు జరిగాడు. రాత్రి షిఫ్టు దిగి, నిద్రపోకుండా వచ్చాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు మా అమ్మాయి ఆఫీసేనంటగదండీ? ఆయ్, అదుగో అటేపు నిలబడిందే, మా అమ్మాయేనండి." జేబులోంచి మా పత్రిక తీసి, తొడుగు ఉన్న చేత్తోనే జాగ్రత్తగా విప్పాడు. "ఈ పేజీ అది పెట్టిందేనండి. రోజూ దాచుతానండి నేను. అక్షరాలు రాసేవోళ్ల పేర్లు పడతాయి గానండి, పేజీ పెట్టేవోళ్ల పేరు ఎక్కడా పడదంటగదా. అందుకని నేనే ఓ మూల పెన్నుతో దాని పేరు రాసుకుంటానండి. ఇయ్యాల ఊరంతా దాని పేజీయే పట్టుకు తిరుగుతున్నారు. బొమ్మ ఎంత బాగా కుదిర్చిందో చూశారా?"

పేజీ మూల నీలం సిరాతో ఆ అమ్మాయి పేరుంది. దానికి రెండంగుళాల దూరంలో, అచ్చులో పడని చోట, నా పొట్టి సంతకం ఉండాలి. అది ఆఫీసులో ప్రూఫ్ మీద ఉంది. ఆ సంగతి ఆయనకి తెలియదు.

"చాలా బాగా పెడుతుందండి" అన్నాను. లేచి నిలబడ్డాను. మోకాళ్లు టకటకమన్నాయి.

"అందరూ ఒక్క నిమిషం వినండి" అని అరిచాను. "ఆ బొమ్మలో ఉన్న జంతువు ఇప్పుడు లేదు. పన్నెండున్నర కోట్ల ఏళ్ల కిందటిది. డైనోసార్ల కాలం నాటిది. మా ఆర్టిస్టు వేసిన బొమ్మ అది, కెమెరా తీసింది కాదు. పొరపాటున పడింది. పొరపాటు నాది. పేజీ పెట్టిన అమ్మాయిది కాదు, చూడకుండా సంతకం పెట్టిన నాది."

కోళ్ల ఆవిడ ముందుకొచ్చింది.

"అయితే నా పెట్టల్ని ఎవులు తినీసినారు, మీ ఆర్టిస్టా?"

"అది కాదమ్మా, కోళ్లను తింటున్నది వేరే..."

"ఏటండీ, పొద్దున్న ఒకమాటా, పదిన్నరకి ఒకమాటా? పెద్దోళ్లు ఎవులో ఫోన్ సేసీసినట్టున్నారు." ఆవిడ గుంపువైపు తిరిగింది. "సూసినారా, పైనించి ఒత్తిడి! నిజం రాస్తే బతకనివ్వరు."

"అవునవును" అని గొణుగుడు మొదలైంది. ఒకాయన నా భుజం తట్టి, "మీ ఇబ్బంది మాకు తెల్సు సార్" అన్నాడు. ముప్పై రెండేళ్లలో నన్ను అంత నిజాయితీపరుడిగా ఎవరూ చూడలేదు, అదీ నిజం చెబుతుంటే నమ్మకుండా.

ఆర్టిస్టు ప్రయత్నించాడు. "అరె భాయ్, నాను యేసినానయ్యా ఆ బొమ్మ! ఖుదా కసమ్!"

"నువ్వుండు బావా, నీకేటి తెల్సు" అన్నారెవరో.

అప్పుడే తూములోంచి వచ్చింది.

ఏం వచ్చిందో చెప్పలేను. దుమ్ము లేచింది. చీపుళ్లు లేచాయి. ఏదో బలమైనది, వెచ్చనిది, నా కాళ్లకు తగిలి దూసుకుపోయింది. నేను మళ్లీ మోకాళ్ల మీదకు వచ్చాను, ఈసారి నా ప్రమేయం లేకుండా. ఆ అమ్మాయి తండ్రి హెల్మెట్ దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. అర నిమిషంలో అది సరుగుడు చెట్ల వైపు మాయమైపోయింది, కర్రలు గాలిలోనే ఉండిపోయాయి. ఒక్క దెబ్బా దానికి తగలలేదు. ఒకటి మాత్రం నా వీపుకు తగిలింది.

"దొరికింది అన్నా, దొరికింది!" ఆర్టిస్టు ఫోన్ పైకెత్తి గంతులేస్తున్నాడు. "తోక పడింది!"

సరుగుడు చెట్ల మధ్య చాలాసేపు వెతికి, రెండింటికి ఆఫీసుకు చేరాం. ఇన్‌ఛార్జి ఫొటోని కంప్యూటర్ మీద పెద్దది చేసి చాలాసేపు చూశాడు. దుమ్ము. ఒక చీపురు. గాలిలో ఉన్న హెల్మెట్. ఎడమ పక్కన అంచులో, మసగ్గా, జానెడు పొడుగున చారల చారలుగా ఏదో ఒకటి.

"ఇది తోకా?"

"తోకే సార్" అన్నాడు ఆర్టిస్టు.

"గురువుగారి చొక్కా అంచులా ఉంది సార్" అంది ఆ అమ్మాయి మెల్లగా. ఉద్యోగం ఆ ఫొటో మీదే ఆధారపడి ఉందని తెలిసి కూడా.

ఇన్‌ఛార్జి నా చొక్కా చూశాడు. ఫొటో చూశాడు. మళ్లీ నా చొక్కా చూశాడు. "ఇది వేస్తే పుకారు రేపు అనకాపల్లి దాకా పాకుతుంది" అని మానిటర్ ఆపేశాడు. "సవరణే. అమ్మా, నువ్వు బయట కూర్చో, మెమో..."

"మెమో నాకు రాయండి" అన్నాను. "ఆ ప్రూఫ్ మీద సంతకం నాది. బొమ్మ పెట్టమన్నది నేను. తీసెయ్యాలా అని అడిగింది ఆ అమ్మాయి. నేను కబుర్లు చెబుతూ చూడకుండా పంపించెయ్యమన్నాను. పొద్దున్న ఇక్కడ నిలబడి చెప్పాల్సింది. లారీ చూస్తూ నిలబడ్డాను."

ఇన్‌ఛార్జి సొరుగు లాగి ఒక కాగితం బయటికి తీశాడు. ప్రూఫ్ ఏమో అనుకున్నాను. కాదు. నా వీడ్కోలు సభకు రాసుకున్న ఉపన్యాసం.

"మీ గురించి నాకు దొరికిన ఒకే ఒక్క మంచి వాక్యం ఇందులో ఉంది గురువుగారూ. ముప్పై రెండేళ్లలో ఒక్క మెమో అయినా లేని మనిషి అని. ఇప్పుడు నేను నాలుగు నెలల్లో ఇంకో మంచి వాక్యం వెతకాలి. ఈ వయసులో నాకు ఈ శిక్ష ఎందుకు వేశారు?"

మెమో ఆ సాయంత్రమే వచ్చింది. మా ఎడిషన్‌లో నాకు తెలిసి మొదటి సవరణ నేనే రాశాను. నాలుగు వాక్యాలు. ఆ అమ్మాయి పేజీలో పెట్టి ప్రూఫ్ తెచ్చింది. నేను జేబులోంచి పెన్ను తీశాను. ఆ అమ్మాయి కాగితం నా చేతికివ్వలేదు.

"చదవండి సార్."

"నేను రాసిందేగా అమ్మా."

"పైకి చదవండి."

కొత్త సబ్ ఎడిటర్లిద్దరూ చూస్తుండగా, బడిపిల్లాడిలా నాలుగు వాక్యాలూ పైకి చదివాను. రెండో వాక్యంలో ఒక అచ్చుతప్పు దొరికింది. దిద్దాక సంతకం పెట్టనిచ్చింది. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగింపు వచ్చింది. తండ్రి ఆ సవరణ కూడా దాచాడట, మూలన కూతురి పేరు రాసి.

సవరణ ఎవరైనా నమ్మారా అంటే, ఉక్కునగరంలో నమ్మలేదు. కోళ్ల ఆవిడ దాన్ని కత్తిరించి, ఒత్తిడికి సాక్ష్యంగా అందరికీ చూపించింది. ఆదివారం పిల్లల పేజీలో అదే బొమ్మ రంగుల్లో, నా వ్యాసంతో సహా వచ్చింది. దాంతో ఆ సెక్టారు పిల్లలకు తమ జంతువు డైనోసార్లను కూడా తినేదని తెలిసి, గర్వం ఇంకా పెరిగింది.

నా వీడ్కోలు సభలో ఇన్‌ఛార్జి చదివిన ఉపన్యాసంలో మెమో మాట రాలేదు. నాకు చొక్కాలంటే శ్రద్ధ అని మాత్రం అన్నాడు. అందరూ అవసరానికి మించి చప్పట్లు కొట్టారు.

ఆ సెక్టారులో తర్వాత ఇంకా రెండు పెట్టలు పోయాయి. ఆపైన పోవడం ఆగిపోయింది, ఎందుకో తెలియదు. ఆ ఫొటోను ఫారెస్టు ఆఫీసుకు పంపాం. పునుగుపిల్లి కావచ్చు, జంగపిల్లి కావచ్చు, ఏమీ కాకపోనూ వచ్చు అన్నారు. చొక్కా సంగతి చెబితే, అది కూడా పంపండి, పక్కన పెట్టి పోల్చి చూస్తామన్నారు. ఇంటికెళ్లి వెతికాను. దుమ్ము మరకలు పోవడం లేదని మా ఆవిడ దాన్ని అప్పటికే పాతబట్టలవాడికిచ్చి, స్టీలు గిన్నె తీసుకుంది.

రెపెనోమామస్ ఒంటి మీద చారలుండేవో లేదో, నాకు తెలిసినంతవరకు, ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆర్టిస్టు ఫోన్లో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఎడమ అంచున ఉన్నది తోకో, నా చొక్కానో అదీ తేలలేదు.